ఒక అడుగు ముందుకేస్తే సైనికుడు, వేయకపోతే ముద్దాయి

సంపాదక మహాశయులకు,

వియత్నాం యుద్ధం మీద మీ ఉత్తరాల పేజీలో కొన్ని వారాలుగా వాదన నడుస్తోంది. సైన్యంలోకి రమ్మంటే తప్పించుకున్న అమెరికా కుర్రాళ్ళంతా పిరికివాళ్ళనీ, యుద్ధం వద్దని ఊరేగింపులు తీసినవాళ్ళు తిరిగొచ్చిన సైనికుల మొహాన ఉమ్మేశారనీ ఒకరు రాశారు. వెళ్ళినవాళ్ళంతా హంతకులే అన్నట్టు ఇంకొకరు జవాబిచ్చారు. ఇద్దరూ లక్షల మందిని ఒకే గాటన కట్టేశారు. ఎవడు యుద్ధానికి పోవాలి, ఎవడు ఇంటిపట్టున ఉండాలి అన్నది చాలావరకు గుండెధైర్యం తేల్చిన సంగతి కాదు, కాగితాలు తేల్చిన సంగతి. ఆ కాగితాలు ఎలా నడిచాయో రాద్దామని ఈ ఉత్తరం. కాస్త పొడవైంది, మన్నించాలి.

ముందు లెక్క చూడండి. ఆ యుద్ధకాలంలో సైన్యం వయసున్న అమెరికా మగవాళ్ళు సుమారు 2 కోట్ల 70 లక్షల మంది. అందులో యూనిఫాం వేసినవాళ్ళు దాదాపు 90 లక్షలు. డ్రాఫ్ట్ కింద, అంటే చట్టప్రకారం బలవంతంగా తీసుకున్నవాళ్ళు 22 లక్షల చిల్లర. వియత్నాం నేల మీద అడుగుపెట్టినవాళ్ళు 27 లక్షల లోపే. మరి డ్రాఫ్ట్ చట్టం ఉల్లంఘించారని కేసుల దాకా పోయినవాళ్ళెందరు? 2 లక్షల పైచిలుకు. వాళ్ళలో నిజంగా జైలుకెళ్ళింది మూడు వేల చిల్లర. కోటిన్నర మంది ఏ చట్టాన్నీ మీరకుండా, వాయిదాలతో, మినహాయింపులతో, మెడికల్ సర్టిఫికెట్లతో నిక్షేపంగా బయటపడ్డారు. ‘తప్పించుకున్నవాళ్ళు’ అనగానే మనకు కెనడాకు పారిపోయిన పొడవు జుట్టు కుర్రాడు కళ్ళముందు మెదులుతాడు. అసలు గుంపు ఈ కోటిన్నర మంది.

పద్ధతి ఇలా ఉండేది. 18 నిండిన 5 రోజుల్లోగా కుర్రాడు తన ప్రాంతంలోని డ్రాఫ్ట్ బోర్డులో పేరు రాయించుకోవాలి. దేశమంతా అలాంటి బోర్డులు 4 వేల దాకా ఉండేవి. సభ్యులు జీతం లేని స్థానిక పెద్దమనుషులు. వ్యాపారులు, రైతులు, పాత యుద్ధాల్లో పనిచేసి వచ్చినవాళ్ళు. ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళే, తెల్లవాళ్ళే. 1966లో దేశం మొత్తం మీద ఈ సభ్యుల్లో నల్లజాతివాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. 1967 దాకా ఆడవాళ్ళకు ప్రవేశమే లేదు. బోర్డు కుర్రాడి చేత ఫారం నింపించి ఒక తరగతి కేటాయిస్తుంది. 1-ఏ వస్తే పిలుపుకు సిద్ధంగా ఉన్నట్టు. 2-ఎస్ అంటే కాలేజీ విద్యార్థి, ప్రస్తుతానికి వాయిదా. 3-ఏ అంటే ఇంట్లో ఇతని మీదే ఆధారపడ్డవాళ్ళున్నారు. 4-ఎఫ్ అంటే పనికిరాడు. 1-ఓ అంటే మనస్సాక్షి ఒప్పక ఆయుధం పట్టనివాడు. పేరు నమోదైన కార్డు, తరగతి కార్డు, రెండూ ఎప్పుడూ జేబులో ఉండాలి. ఊరేగింపుల్లో కాల్చింది ఈ కార్డులనే. కాల్చడం నేరమని 1965లో చట్టం చేస్తే, అది చెల్లుతుందని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు ఒకే వీధిలో ఇద్దరు కుర్రాళ్ళను ఊహించుకోండి. ఒకడు కాలేజీలో చేరి ఏటా డిగ్రీలో నాలుగో వంతు పూర్తిచేస్తూ పోతే నాలుగేళ్ళు 2-ఎస్. అవతలివాడు పగలు వర్క్‌షాపులో పనిచేస్తూ రాత్రి రెండు సబ్జెక్టులు చదువుకుంటున్నాడు. పూర్తికాల విద్యార్థి కాడు కాబట్టి వాడు 1-ఏ. మొదటివాడికి చిన్నప్పటినుంచీ చూస్తున్న ఫ్యామిలీ డాక్టరున్నాడు. మోకాలి పాత దెబ్బ గురించి ఎక్స్‌రేతో సహా లెటర్ రాసిస్తాడు. పరీక్ష కేంద్రంలో రోజుకు వందలమందిని చూసే సైనిక డాక్టరుకు ఆ లెటర్ ఉంటే కొట్టిపారేయడం కష్టం, లేకపోతే మోకాలు తడిమి చూసే తీరికే లేదు. పళ్ళకు తీగలు కట్టించుకుంటే అవి ఉన్నన్నాళ్ళూ తీసుకోరు, అందుకని వంకర లేని పళ్ళకు కూడా తీగలు కట్టించుకున్నవాళ్ళున్నారు. తీగలకు డబ్బులు కావాలి కదా, రెండోవాడు ఎక్కడ తెస్తాడు? ఇంకో దారి నేషనల్ గార్డ్, అంటే రాష్ట్రాల్లో ఉండే పార్ట్‌టైం సైన్యం. అందులో చేరితే వియత్నాం పంపే అవకాశం బాగా తక్కువ. 1968 చివరికి ఆ క్యూలో లక్షమంది ఉన్నారు, క్యూ దాటడానికి పలుకుబడి పనిచేసేది.

అడుగునున్నవాళ్ళకు ప్రభుత్వం వేరే తలుపు తెరిచింది. 1966 అక్టోబరులో రక్షణమంత్రి మెక్‌నమారా మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ 1,00,000’ కింద, అంతకుముందు తెలివి పరీక్షలో తప్పారని వెనక్కి పంపిన స్థాయివాళ్ళను మూడున్నర లక్షల మందిని చేర్చుకున్నారు. చదువు చెప్పి, పని నేర్పి పేదరికం నుంచి బయట పడేస్తామన్నారు. వాళ్ళలో చాలామంది చేతికి వచ్చింది తుపాకీ. మిగతా సైనికులకంటే వీళ్ళ చావుల శాతం ఎక్కువ.

ఈ అన్యాయం విద్యార్థులకు కనపడలేదనుకోకండి. 1966లో బోర్డులు కాలేజీ ర్యాంకులు, ఒక పరీక్ష మార్కులు చూసి వాయిదాలివ్వడం మొదలుపెట్టాయి. ఆ మే నెలలో షికాగో విశ్వవిద్యాలయం విద్యార్థులు పరిపాలనా భవనంలో బైఠాయించారు. ర్యాంకులు బోర్డుకు పంపొద్దన్నదే వాళ్ళ డిమాండ్. తమను కాపాడే గొడుగునే వద్దన్నారు. పిరికితనం అనే మాట వాళ్ళ మీద వాడేముందు కాస్త ఆగాలి.

మీ పాఠకుల్లో ఒకరు బాక్సింగ్ ఛాంపియన్ మహమ్మద్ అలీ ‘పారిపోయాడు’ అని రాశారు. అలీ ఎక్కడికీ పోలేదు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లోని సైనిక చేరిక కేంద్రానికి తన కాళ్ళమీద తనే నడిచి వెళ్ళాడు. అక్కడి తంతు తెలుసుకోవలసిందే. పిలుపు అందుకున్నవాళ్ళను వైద్య పరీక్షలయ్యాక ఒక గదిలో వరసగా నిలబెడతారు. అధికారి ఒక్కొక్కరి పేరూ చదువుతాడు. పేరు పిలవగానే ఒక అడుగు ముందుకు వేయాలి. చట్టం దృష్టిలో ఆ అడుగే చేరిక. ప్రమాణం చేసి సంతకం పెట్టేదంతా ఆ తర్వాతి మాట. అడుగు వేసేదాకా మనిషి పౌరుడు. నిరాకరిస్తే మామూలు కోర్టులో కేసు, గరిష్ఠ శిక్ష 5 ఏళ్ళ జైలు, 10 వేల డాలర్ల జరిమానా. అడుగు వేశాక నిరాకరిస్తే కోర్ట్ మార్షల్, అంటే సైనిక కోర్టు విచారణ. అందుకే డ్రాఫ్ట్ సలహాదారులు కుర్రాళ్ళకు పదేపదే చెప్పేవారు: కాదనదలిస్తే గీతకు ఇవతలే కాదను, అవతలికి వెళ్ళాక నీ చేతిలో ఏమీ ఉండదు. అలీ పేరు పిలిచారు. కదల్లేదు. శిక్ష ఏమిటో ఒక అధికారి పక్కకు పిలిచి వివరించి, మళ్ళీ పిలిచారు. అప్పుడూ కదల్లేదు. కారణం రాసివ్వమంటే రాసిచ్చాడు.

జూన్ 20న గరిష్ఠ శిక్షే వేశారు. టైటిల్, లైసెన్సులు అంతకుముందే పోయాయి. అప్పీలు నడుస్తుండగా బయటే ఉన్నాడు గానీ, మంచి వయసులో మూడున్నరేళ్ళు బరిలోకి దిగనివ్వలేదు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8-0తో శిక్ష కొట్టేసింది. ఎందుకో చూడండి. మనస్సాక్షి కారణం చూపేవాడు మూడు రుజువు చెయ్యాలి: ఏ యుద్ధమైనా వద్దనాలి, ఆ అభిప్రాయం మత విశ్వాసంలోంచి రావాలి, నిజాయితీగా నమ్మాలి. అలీకి ఆ మూడూ లేవని న్యాయశాఖ అప్పీలు బోర్డుకు రాసింది. సుప్రీంకోర్టు ముందుకొచ్చేసరికి ప్రభుత్వమే రెండింటిని ఒప్పేసుకుంది. బోర్డేమో దేన్ని బట్టి తిరస్కరించిందో ఒక్క ముక్క కారణం రాయలేదు. కారణం తెలియని ఉత్తర్వు నిలబడదని కొట్టేశారు. అంత పేరున్న మనిషి కూడా చివరికి బయటపడింది ఆఫీసు కాగితంలో దొర్లిన తప్పు వల్లే.

మనస్సాక్షి దరఖాస్తు అంటే ‘నాకు యుద్ధం ఇష్టం లేదు’ అని రాసి పడేసేది కాదు. నీ నమ్మకం ఏమిటి, ఎవరి దగ్గర, ఎప్పుడు ఏర్పడింది, నీ బతుకులో అది ఎక్కడ కనపడుతుంది అని ఫారంలో అడుగుతారు. తెలిసినవాళ్ళ చేత లెటర్లు రాయించాలి. ఆ తర్వాత బోర్డు ముందు కూర్చోవాలి. ఇంట్లోకి దొంగొచ్చి మీ అమ్మ మీద చెయ్యి వేస్తే ఏం చేస్తావు అన్నది అక్కడ ఎదురయ్యే పాత ప్రశ్న. బాగా రాయగలవాడు, బాగా మాట్లాడగలవాడు గట్టెక్కుతాడు. ఈ ఒక్క యుద్ధమే అన్యాయం, వేరేదైతే పోతాను అన్నవాడికి 1971లో గిలెట్ అనే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో దారి మూసుకుపోయింది. 1-ఓ వచ్చినవాడు కూడా ఇంట్లో కూర్చోడు. రెండేళ్ళు ఆస్పత్రుల్లో, పిచ్చాసుపత్రుల్లో మలమూత్రాలెత్తే పనిదాకా ఏది చెబితే అది చెయ్యాలి.

ఇంత గొడవ ఎందుకు, లాటరీ తీస్తే సరి అనుకున్నారు. 1969 డిసెంబరు 1న తీశారు. పుట్టినతేదీకి ఏ నంబరు పడితే ఆ వరసలో సైన్యానికి పిలుపు. దానిలోనూ తప్పు జరిగింది. 366 నీలం ప్లాస్టిక్ గొట్టాల్లో ఏడాదిలోని తేదీలు పెట్టారు. జనవరి, ఫిబ్రవరి గొట్టాలు పెట్టెలో పోసి కలిపారు. మార్చి పోసి మళ్ళీ కలిపారు. అలా డిసెంబరు దాకా. అంటే జనవరి గొట్టాలు పదకొండుసార్లు కలిశాయి, డిసెంబరువి ఒక్కసారి. తర్వాత పెట్టెను కాస్త కుదిపి, లోతైన గాజు జాడీలో గుమ్మరించి, చెయ్యి పెట్టి తీయడం మొదలుపెట్టారు. చెయ్యి ఎక్కువగా పైపైనే ఆడింది. మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14, దానికి 1వ నంబరు. చివర మిగిలింది జూన్ 8. డిసెంబరులో 31 తేదీలుంటే 26 తేదీలకు మొదటి సగంలోని నంబర్లు పడ్డాయి. జనవరిలో పుట్టినవాళ్ళ సగటు నంబరు 201, డిసెంబరువాళ్ళది 121. ఆ జాబితాలో 195వ నంబరు దాకా పిలిచారు. సంక్రాంతి ముందు అత్తయ్యలు చీటీలు తీసేటప్పుడు కూడా ఇంతకంటే బాగా కలుపుతారు. గణాంకవేత్తలు గోల చేశాక 1970 జులైలో రెండు డ్రమ్ములు పెట్టి, ఒకదాంట్లోంచి తేదీ, ఇంకోదాంట్లోంచి నంబరు తీశారు. 1969 చీటీని మాత్రం రద్దు చెయ్యలేదు.

ఇక తిరిగొచ్చినవాళ్ళ సంగతి. ఉమ్మేసిన కథలు 1980ల్లో బాగా వ్యాపించాయి. ఎక్కడా ఎవరూ అవమానించలేదని నేననను. కోపంతో నోరు పారేసుకున్నవాళ్ళున్నారు, శత్రువు జెండా పట్టుకుని ఊరేగినవాళ్ళూ ఉన్నారు. అది కొడుకును పోగొట్టుకున్న ఇళ్ళను ఎంత కోసి ఉంటుందో చెప్పనక్కర్లేదు. కానీ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1971లో, ప్రభుత్వం కోసం హారిస్ అనే సర్వే సంస్థ మాజీ సైనికులను అడిగితే, సైన్యానికి వెళ్ళని తమ ఈడువాళ్ళు స్నేహంగానే ఉన్నారని నూటికి 94 మంది చెప్పారు. పైగా ఉద్యమకారులు ఒక గట్టున, సైనికులు ఇంకో గట్టున లేరు. 1968 నుంచి సైనిక శిబిరాల పక్క ఊళ్ళలో యుద్ధ వ్యతిరేకులు కాఫీ హోటళ్ళు తెరిచారు. కప్పు కాఫీ, పాటలు, సైనికుడి హక్కుల గురించి సలహా. సౌత్ కరోలినాలోని కొలంబియాలో ‘యూఎఫ్‌ఓ’ పేరుతో నడిచినదాన్ని కోర్టు ద్వారా మూయించారు, అంతగా అక్కడికి సైనికులు చేరేవారు. 1971 ఏప్రిల్ 23న వాషింగ్టన్‌లో వందలమంది మాజీ సైనికులు పార్లమెంటు భవనం ముందు అడ్డంగా కట్టిన కంచె మీదుగా తమ పతకాలను విసిరేశారు. వాళ్ళను ఏ జాబితాలో రాస్తారు, వీరులా, ద్రోహులా?

సైనికుణ్ణి నిజంగా దెబ్బతీసినవి వేరే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు చాలావరకు దళాలుగా కలిసి వెళ్ళి, కలిసి ఓడలో రోజుల తరబడి ప్రయాణం చేసి తిరిగొచ్చారు. వియత్నాంలో ఎవడి లెక్క వాడిది: 12 నెలలు, మెరైన్లకు 13. నెలలు నిండినవాడు ఒంటరిగా విమానమెక్కి, అడవిలోంచి రెండు మూడు రోజుల్లో తన వీధిలో దిగేవాడు. స్వాగతం పలకడానికి దళమే లేదు, మేళతాళాలు ఎవరికి కొడతారు? చదువు సంగతి చూడండి. పాత యుద్ధం నుంచి వచ్చినవాడికి ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు ప్రభుత్వమే కాలేజీకి కట్టి, ఖర్చులకు నెలనెలా వేరే ఇచ్చింది. 1966 చట్టం కింద పెళ్ళికాని మాజీ సైనికుడికి నెలకు 100 డాలర్లు. ఫీజూ అందులోంచే, తిండీ అందులోంచే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. యుద్ధం మిగిల్చిన మానసిక గాయానికి వైద్య పుస్తకాల్లో పీటీఎస్‌డీ అనే పేరు దొరికింది 1980లో. అడవుల ఆకులు రాల్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ రసాయనం మీద చట్టం 1991 దాకా రాలేదు. ఊరేగింపు తీసినవాళ్ళకు వీటిలో దేనిమీదా సంతకం చేసే అధికారం లేదు.

డిశ్చార్జి కాగితం సంగతి మన దగ్గర ఎవరూ రాయరు. సైన్యం వదిలినవాడికి డీడీ-214 అనే పత్రం ఇస్తారు, ఉద్యోగానికి వెళితే మొదట అడిగేది అదే. దాంట్లో ‘గౌరవప్రదంగా’ అని ఉన్నా, ఒక మూలన చిన్న గడిలో ఎస్‌పీఎన్ అనే కోడ్ అంకె ఉండేది. మాదకద్రవ్యాలు, క్రమశిక్షణ లేకపోవడం, మనస్తత్వం సరిగా లేదనడం, ఒక్కోదానికి ఒక్కో కోడ్. అర్థం సైనికుడికి చెప్పేవారు కాదు. కంపెనీల దగ్గర మాత్రం కోడ్ల జాబితాలు చేరిపోయాయి. ఇంటర్వ్యూ బాగా జరిగినా ఉద్యోగం ఎందుకు రాలేదో ఆ మనిషికి అంతుపట్టేది కాదు. 1974లో గానీ ఆ గడి ఖాళీ చెయ్యలేదు. ఇదిగాక ‘అన్‌డిజైరబుల్’ డిశ్చార్జి అని ఒకటి ఉండేది. దానికి కోర్ట్ మార్షల్ అక్కర్లేదు, పై అధికారుల ఫైలు చాలు. అది పడితే మాజీ సైనికుల సాయాలు చాలావరకు పోయినట్టే.

‘కర్తవ్యం’ అనే మాట మీ పేజీలో చాలాసార్లు వాడారు కాబట్టి ఒక్క ఉదాహరణ. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్ ఊళ్ళో అమెరికా సైనికులు ఆడవాళ్ళనూ పిల్లలనూ కాల్చేస్తుంటే, హ్యూ థాంప్సన్ అనే పైలట్ తన హెలికాప్టర్‌ను సైనికులకూ గ్రామస్థులకూ మధ్య దించాడు. మనవాళ్ళు కాలిస్తే మీరు వాళ్ళమీద కాల్చండి అని తన ఇద్దరు సహచరులకు చెప్పి, బంకర్‌లో దాక్కున్నవాళ్ళను బయటకు రప్పించి హెలికాప్టర్లలో పంపించాడు. 22 మందిని చంపినట్టు 1971లో రుజువైన లెఫ్టినెంట్ కాలీకి యావజ్జీవం వేస్తే, అతన్ని వదిలెయ్యమని దేశం నలుమూలల నుంచి టెలిగ్రాములూ ఉత్తరాలూ వరదలా వచ్చాయి. అతను మూడున్నరేళ్ళలోపే, అదీ ఎక్కువభాగం గృహనిర్బంధంలో గడిపి, బయటికొచ్చాడు. సాక్ష్యం చెప్పిన థాంప్సన్‌కు బెదిరింపులు వచ్చాయి, తోటి అధికారులు మాట్లాడటం మానేశారు. అతనికీ సహచరులకూ సైన్యం పతకం ఇచ్చింది 1998లో, ముప్పై ఏళ్ళకు.

ఇదంతా మనకెందుకు అనేవాళ్ళకు ఒక పనికొచ్చే సంగతి. డ్రాఫ్ట్ 1973లో ఆగింది గానీ పేరు నమోదు 1980లో మళ్ళీ మొదలైంది, ఇప్పటికీ ఉంది. గ్రీన్‌కార్డున్న మన అబ్బాయిలకు కూడా 18 నుంచి 25 ఏళ్ళ మధ్య అది తప్పనిసరి. హెచ్-4 (ఉద్యోగి కుటుంబానికి ఇచ్చేది), ఎఫ్-1 (విద్యార్థిది) వంటి వీసా మీద సక్రమంగా ఉన్నన్నాళ్ళూ అక్కర్లేదు. చిక్కు ఎక్కడంటే, హెచ్-4 మీద పెరిగిన కుర్రాడికి 22వ ఏట గ్రీన్‌కార్డు వస్తే ఆ రోజు నుంచి 30 రోజుల్లోగా నమోదు కావాలి. ‘వీసావాళ్ళకు వద్దన్నారుగా’ అని ఊరుకుంటే 26 దాటాక ఇక నమోదు కుదరదు, పౌరసత్వం ఇంటర్వ్యూలో కావాలని మానలేదని రుజువు చేసుకోవలసి వస్తుంది. 26 దాకా వీసా మీదే ఉన్నవాళ్ళు ఆ వీసా, ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) కాపీలు పారేయకుండా దాచుకోవాలి. ప్రభుత్వమే తన రికార్డులు చూసి పేర్లు ఎక్కించేలా 2025 డిసెంబరులో చట్టం మార్చారు. రికార్డులో తప్పుంటే పేరూ తప్పుగానే ఎక్కుతుంది, ఒకసారి సరిచూసుకోవడం మంచిది. నమోదైతే సైన్యంలో చేరినట్టు కాదు. ఆయుధం పట్టనని చెప్పుకోవడానికి ఆ ఫారంలో గడి కూడా లేదు, ఆ ప్రశ్న పిలుపు వచ్చాకే.

చివరగా ఒక సవరణ కోరుతున్నాను. 1977 జనవరి 21న అధ్యక్షుడు కార్టర్ ‘యుద్ధం నుంచి పారిపోయిన వారందరికీ’ క్షమాభిక్ష పెట్టారని మీరు వేసిన వ్యాసంలో ఉంది. అది సరికాదు. క్షమాభిక్ష డ్రాఫ్ట్ చట్టాన్ని ఉల్లంఘించినవాళ్ళకు, అంటే అడుగు వేయనివాళ్ళకు మాత్రమే. అడుగు వేసి, సైన్యంలో చేరి, తర్వాత దళం వదిలి పోయినవాళ్ళకు అది వర్తించలేదు. కెనడా వెళ్ళినవాళ్ళలో మొదటి రకం ఎక్కువగా కాలేజీ పిల్లలు. 1967 నుంచి కెనడా పెట్టిన పాయింట్ల పద్ధతిలో 100కు 50 రావాలి, చదివిన ఏడాదికొక పాయింటు. రెండో రకంలో హైస్కూలు కూడా పూర్తి చెయ్యనివాళ్ళు చాలామంది, ముందుగా సలహా చెప్పేవాళ్ళు లేక అడుగు వేసేసినవాళ్ళు. ఈ తేడా చూపిస్తూ సవరణ వేయగలరు.

— విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు